చేసి చూద్దాం: మీ చూపుకు ఎంత కిటికీ కావాలి?



మీరు కంభం చెరువు కట్టమీద నిలుచున్నారనుకోండి. ముందర నీళ్లు, నీళ్లకు అవతల కొండలు. ఆ కొండలు ఎంతో పెద్దవిగా, మనమీదికి నడిచివస్తున్నట్లుగా ఉంటవి. వెంటనే ఫోను తీసి ఒక ఫోటో తీస్తారు. ఇంటికి వచ్చి చూస్తే అందులో సగం ఆకాశం, సగం నీళ్లు. కొండలు మాత్రం నడుమ చీమల బారులాగా ఉంటవి. "కొండలేవిరా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు.

అదే ఫోనును మామయ్య ముఖానికి మూరెడుకన్న దగ్గరగా పెట్టి ఇంకొక ఫోటో తీస్తారు. అందులో మామయ్య ముక్కు వంకాయంత, చెవులు చింతగింజలంత!

కొండ చిన్నదయింది, ముక్కు పెద్దదయింది. ఫోను అబద్ధమాడిందా? లేదు. అది తన కొలతలో తాను చూచింది. మీరు మీ కొలతలో మీరు చూచారు. రెండు కొలతలూ కలియలేదు, అంతే. మరి మీ కొలత ఎంత? అది తెలుసుకోవటమే ఈ నెల మన పని. దీనికి ఖరీదైన సామాను అక్కరలేదు. ఒక అట్టముక్క, ఒక దారం, ఒక స్కేలు చాలు. భూతద్దం కూడా ఉంటే మరీ మంచిది.

మొదట భూతద్దం

పగటివేళ గదిలో కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలుచోండి. ఒక అట్టమీద తెల్లకాగితం అంటించి పట్టుకోండి. కాగితానికి ముందు, కిటికీవైపుగా, భూతద్దం నిలబెట్టి నెమ్మదిగా ముందుకూ వెనుకకూ జరపండి. ఒకచోట కాగితంమీద కిటికీ బయటి వేపచెట్టు, ఎదురింటి మిద్దె, ఆకాశం అన్నీ రంగులతో సహా తలక్రిందులుగా వచ్చి వాలుతవి. చెట్టు బాగా దూరాన ఉంటే, అప్పుడు భూతద్దానికీ కాగితానికీ ఉన్న దూరాన్ని స్కేలుతో కొలవండి. ఆ దూరమే ఆ భూతద్దపు నాభ్యంతరం. కెమెరాలవాళ్లు దీనినే ఫోకల్ లెంగ్త్ అంటారు. ఒక్క హెచ్చరిక: భూతద్దాన్ని సూర్యుడివైపు తిప్పవద్దు, భూతద్దంలోనుంచి సూర్యుణ్ణి అసలే చూడవద్దు. కన్ను పోతుంది.

ఇప్పుడు ఇంకొక భూతద్దం సంపాదించండి. మొదటిదాని నాభ్యంతరం 10 సెంటీమీటర్లు, రెండవదానిది 20 సెంటీమీటర్లు అనుకుందాం. రెండవదానితో వచ్చిన వేపచెట్టు మొదటిదానితో వచ్చినదానికి సరిగ్గా రెండింతలు ఉంటుంది. బొమ్మ పెద్దదయితే ఏమవుతుంది? అంతే కాగితంలో తక్కువ వస్తువులు పడతవి. చెట్టూ మిద్దే రెండూ పట్టిన కాగితంలో ఇప్పుడు చెట్టు ఒక్కటే పడుతుంది. కెమెరా కథ అంతా ఇదే. నాభ్యంతరం తక్కువైతే ఎక్కువ మేర, చిన్న చిన్నగా పడుతుంది. ఎక్కువైతే తక్కువ మేర, పెద్దదిగా పడుతుంది.

కాగితం పెద్దదయితే? నాభ్యంతరం ఎక్కువైనా ఎక్కువ మేరే పడుతుంది గదా! అందుచేత నాభ్యంతరపు అంకె ఒక్కటే చెబితే చాలదు. కాగితం స్థానంలో ఉండే ఫిల్ము గాని, ఇప్పటి కెమెరాలలోని సెన్సారు గాని ఎంత వెడల్పో కూడా చెప్పాలి. అందరూ ఒక ఒప్పందంగా 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఫిల్మును కొలబద్దగా పెట్టుకున్నారు. "50 మిల్లీమీటర్ల చూపు" అని మనం ఇక్కడ అన్నప్పుడల్లా ఆ ఫిల్ముకు సరిపోల్చిన లెక్కే అనుకోండి.

పలక చట్రమే కెమెరా

మార్కాపురం అనగానే మన పెద్దలకు పలక జ్ఞాపకం వస్తుంది. అక్కడి గనులలో దొరికే రాయిని పొరలు పొరలుగా చీల్చి, నునుపుచేసి, చుట్టూ కొయ్యచట్రం బిగించి బడిపలకలు చేసేవారు. ఎన్నో తరాల తెలుగు పిల్లలు ఆ పలకలమీద అ ఆలు దిద్దారు. నోటుపుస్తకాలు వచ్చిన తరువాత వ్రాతపలకకు గిరాకీ తగ్గింది. ఆ రాయిని ఇప్పుడు ఇంటి నేలకూ గోడలకూ వేసే బిళ్లలుగా కోస్తున్నారు. ఐనా మీ అటకమీద రాయి పగిలిపోయి చట్రం మాత్రం మిగిలిన పలక ఒకటి దొరకవచ్చు. దొరికితే పారవేయకండి. అదే ఈ నెల మన కెమెరా.

ఆ చట్రానికి ఒక అట్ట బిగించి, అట్ట నడుమ సరిగ్గా 18 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కిటికీ కోయండి. చట్రం దొరకకపోతే గట్టి అట్ట ఒక్కటే చాలు. అట్ట అడుగు అంచుకు ఒక దారం కట్టండి. ఇక ఒక కన్ను మూసి, రెండవ కంటితో కిటికీలోనుంచి చూడండి. కిటికీని దగ్గరకు తెస్తే లోకం విశాలమవుతుంది. దూరంగా జరిపితే ఇరుకవుతుంది. కావలసినంత మేర పట్టినప్పుడు చేయి ఆపి, దారాన్ని లాగి పట్టి, కంటికి దిగువ బుగ్గ ఎముకమీద ఆనించండి. అంతవరకు వచ్చిన దారాన్ని తరువాత స్కేలుమీద కొలవండి. స్కేలునే కంటి దగ్గరకు తీసుకుపోవద్దు. ఎవరైనా తగిలితే ప్రమాదం.

ఆ దూరం ఎన్ని సెంటీమీటర్లో దానిని 2తో హెచ్చవేయండి. వచ్చినది మిల్లీమీటర్లలో నాభ్యంతరం! 14 సెంటీమీటర్లయితే 28, 25 అయితే 50, 42న్నర అయితే 85.

ఎందుకిట్లా వస్తుందంటే, మన కిటికీ వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఫిల్ము వెడల్పు 36. అంటే కిటికీ ఫిల్ముకు అయిదింతలు. కనుక కంటికీ కిటికీకీ ఉన్న దూరం కూడా నాభ్యంతరానికి అయిదింతలు ఉన్నప్పుడు రెండూ ఒకే మేర చూస్తవి. 50 మిల్లీమీటర్లకు అయిదింతలు 250 మిల్లీమీటర్లు, అంటే 25 సెంటీమీటర్లు. లెక్క సరిపోయిందా?

కిటికీ దగ్గర లేనప్పుడు పిడికిలితో కొలవవచ్చు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు మన కంటికి సుమారు 10 డిగ్రీలు. 28 మిల్లీమీటర్ల చూపు వెడల్పు ఆరున్నర పిడికిళ్లు. 50కి నాలుగు పిడికిళ్లు. 85కి రెండున్నరకు కాస్త తక్కువ.

కన్ను ఎంత చూస్తుంది?

"మాస్టారూ, ఇంత గొడవ ఎందుకు? మన కంటికి కూడా ఒక నాభ్యంతరం ఉంటుంది గదా, అదే పెట్టుకుంటే సరిపోదా?" అని మీలో చురుకైనవారు అడుగుతారు. మంచి ప్రశ్న. మన కంటి నాభ్యంతరం సుమారు 17 మిల్లీమీటర్లు. కాని కంటి లోపలి తెర కెమెరా ఫిల్ములాగా చదునుగా 36 మిల్లీమీటర్ల ముక్క కాదు. గుడ్డు లోపలి గోడలాగా గుండ్రంగా ఉంటుంది. కాబట్టి ఆ అంకెను ఇక్కడికి తెచ్చి అతికించటం కుదరదు.

ఇంకొక చిక్కు ఉన్నది. చూపు ముందుకు నిలిపి, తల కదల్చకుండా రెండు చేతులూ పక్కలకు చాచి వేళ్లు ఆడించండి. వేళ్లు కదులుతున్న సంగతి తెలుస్తూనే ఉంటుంది. రెండు కళ్లూ కలిసి దాదాపు 180 డిగ్రీల మేర పట్టుకుంటవి. ఇప్పుడు ఈ పేజీలో ఏదో ఒక మాటమీద చూపు నిలపండి. కన్ను కదల్చకుండా ఆ వరుసలో ఇటూ అటూ ఎన్ని మాటలు చదవగలరు? ఒకటి, మహా అయితే రెండు. కన్ను నిజంగా తేటగా చూచేది చాచిన చేతి బొటనవ్రేలంత వెడల్పు మాత్రమే, అంటే సుమారు 2 డిగ్రీలు. కంటి తెరమీద పచ్చచుక్క అనే చోటు నడుమనే అంత చురుకైన చూపు ఉంటుంది. మిగిలినదంతా మసక. ఆ మసక మనకు తెలియదు, ఎందుకంటే కన్ను క్షణానికొకచోట వాలి, ముక్కలు ఏరి, మనసుకు అందిస్తుంది. మనసు ఆ ముక్కలను కుట్టి ఒక బొమ్మ చేస్తుంది.

కనుక మన చూపు 180 డిగ్రీలా, 2 డిగ్రీలా? రెండూ నిజమే. ఈ రెండింటి నడుమ ఎంతవరకు "ఇది నేను చూచాను" అని మీ మనసు గిరి గీసుకుంటుందో అదే మీ సహజమైన చూపు. అది అందరికీ ఒకటి కాదు.

50 ఎక్కడినుండి వచ్చింది?

జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే నిపుణుడు సినిమా ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరా చేశాడు. దాని పేరు లైకా. 1925లో లైప్‌జిగ్ నగరపు సంతలో దానిని లోకానికి చూపించారు. 36 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్ల ఫిల్ము కొలత దానితోనే స్థిరపడింది. దానికి బిగించిన కటకపు నాభ్యంతరం 50. ఫిల్ము మూలనుండి మూలకు కొలిస్తే 43 మిల్లీమీటర్లు వస్తుంది. నాభ్యంతరం ఆ మూలకొలతకు దగ్గరగా ఉంటే దానిని మామూలు కటకం అనటం ఫోటోగ్రాఫర్ల అలవాటు. పెద్ద ఫిల్ము వాడే రోలీఫ్లెక్స్ కెమెరాకు 75 గాని 80 గాని ఉండేది. 8, 10 అంగుళాల గాజుపలక వాడే పాతకాలపు పెట్టె కెమెరాకు 300 మిల్లీమీటర్లు కావలసివచ్చేది. అంకెలు వేరు, చూపు మాత్రం ఇంచుమించు ఒక్కటే.

ఆ చూపు సహజంగా ఎందుకు తోస్తుంది? ఇదిగో లెక్క. 36 మిల్లీమీటర్ల ఫిల్మును 15 సెంటీమీటర్ల ఫోటోగా పెంచితే అది నాలుగింతలకు కాస్త ఎక్కువ. నాభ్యంతరాన్ని కూడా అంతే పెంచండి. 50 మిల్లీమీటర్లు 21 సెంటీమీటర్లవుతుంది. ఆ ఫోటోను 21 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చూస్తే, తీసిన చోట నిలుచుని చూచినట్లే, కొండ కొండంతే కనిపిస్తుంది. మనం ఫోటోలను మామూలుగా 25, 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. అది 21కి పెద్ద దూరమేమీ కాదు.

మరి ఫోను? చాలా ఫోన్లలో పెద్ద కటకపు చూపు ఫిల్ము లెక్కన 24 నుండి 26 మిల్లీమీటర్లు. ఆ ఫోటో 15 సెంటీమీటర్ల వెడల్పున ఉంటే దానిని 11 సెంటీమీటర్ల దూరంలో, ముక్కుకు ఆనినట్లు పెట్టుకుని చూడాలి! మనం 30 సెంటీమీటర్ల దూరంలో చూస్తాం. కనుక కంభం కొండ మూడవవంతుకు తగ్గిపోయింది. చీమల బారు రహస్యం ఇదే.

పది చోట్లు, పది వాక్యాలు

ఇక అసలు ప్రయోగం. పది రోజులు పది చోట్లకు మీ కిటికీ తీసుకుపోండి. వంటిల్లు, బడి వరండా, బస్టాండు, మిరపకాయలు ఆరబోసిన కళ్లం, కంది చేను, చెరువు గట్టు, మార్కాపురంలో ఉంటే చెన్నకేశవస్వామి గుడి ముందరి వీధి, గిద్దలూరులో ఉంటే నల్లమల కొండలు కనిపించే మైదానం. మీ ఇష్టం.

ప్రతిచోటా ఇట్లా చేయండి. కిటికీ ఎత్తకముందు ఉత్త కళ్లతో చూడండి. మీ కాళ్లు తమంతట తాము ఎక్కడ ఆగినవో అక్కడే నిలుచోండి. మిమ్మల్ని ఆపినదేమిటో ఒక్క వాక్యంలో చెప్పుకోండి. తరువాత కిటికీ ఎత్తి, ఆ వాక్యంలో ఉన్నవన్నీ లోపల ఉండేట్లు, లేనివి వీలైనంతవరకు బయట ఉండేట్లు జరపండి. నిలుచున్న చోటు మార్చవద్దు. దారం కొలవండి. వాక్యమూ అంకే రెండూ నోటుపుస్తకంలో వ్రాయండి.

ఇందులో తమాషా చూడండి. గుడి ముందర అన్నా చెల్లెలూ పక్కపక్కనే నిలుచున్నారనుకుందాం. "ఇంత పెద్ద గోపురం కింద పూలమ్మే ఆమె ఒక్కతే కూర్చున్నది" అని అన్న వాక్యం. గోపురమూ కావాలి, ఆమే కావాలి. అతని కిటికీ 13 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. "ఆమె చేతులు ఎంత చకచకా మాల కడుతున్నవో!" అని చెల్లెలి వాక్యం. ఆమె కిటికీ 40 సెంటీమీటర్లకు పోతుంది. వీధి ఒక్కటే, పూలమ్మి ఒక్కతే, చూపులు రెండు. ఇందులో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు.

పది అంకెలు వచ్చిన తరువాత వాటిని చిన్నదానినుండి పెద్దదానికి వరుసగా వ్రాయండి. ఉదాహరణకు ఒకరికి ఇట్లా వచ్చినవనుకుందాం: 13, 14, 16, 17, 18, 18, 20, 22, 25, 41. అన్నీ కూడి పదితో భాగిస్తే 20.4 వస్తుంది. కాని చివరి 41 ఒక్కటే సరాసరిని తనవైపు లాగింది. నడుమనున్న అయిదవ, ఆరవ అంకెలను చూడండి. రెండూ 18. దీనిని మధ్యగతం అంటారు. ఎప్పుడో ఒకనాడు తోచిన వింతను పక్కన పెట్టి, రోజూ ఉండే అలవాటును ఇది చెబుతుంది. 18ని 2తో హెచ్చవేస్తే 36. అంటే అతని చూపు ఇంచుమించు 35 మిల్లీమీటర్ల చూపు.

కొందరికి అంకెలు రెండు గుంపులుగా వస్తవి. ఇంట్లో 13, 14, బయట 40, 42. అట్లా వస్తే కంగారుపడవద్దు. వారికి రెండు కిటికీలున్నవన్నమాట. ఇంట్లో మనుషులందరినీ కలిపి చూస్తారు, బయట ఒక్కొక్కదానినే ఏరి చూస్తారు.

పేరుపడ్డ వారి సంగతీ ఇంతే. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెసాన్ 1948 జనవరిలో ఢిల్లీలో గాంధీగారి కడపటి రోజుల ఫోటోలు తీశాడు. జీవితమంతా ఆయన ఎక్కువగా వాడినది 50 మిల్లీమీటర్ల కటకమే. జపాను సినిమా దర్శకుడు యసుజిరో ఓజు కూడా తన సినిమాలను దాదాపు 50తోనే తీయించాడు. అమెరికా వీధుల ఫోటోలు తీసిన గ్యారీ వినోగ్రాండ్ మాత్రం ఎక్కువగా 28 పట్టుకుని జనం మధ్యకు పోయేవాడు. ఒకరిది మేలు, ఇంకొకరిది కీడు అనలేము. తన చూపేదో తెలుసుకుని దానితోనే ఏళ్ల తరబడి పనిచేయటం ముగ్గురికీ సమానం.

మామయ్య ముక్కు లెక్క

ఇప్పుడు ముక్కు దగ్గరకు వద్దాం. ఇది కటకం దోషమని చాలామంది అనుకుంటారు. కాదు, ఇది దూరం చేసిన పని.

ముక్కు కొసకూ చెవికీ నడుమ 10 సెంటీమీటర్ల లోతు ఉన్నదనుకుందాం. ఫోనును ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే చెవి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దగ్గరి వస్తువు పెద్దదిగా కనిపిస్తుంది గదా! 40ని 30తో భాగిస్తే 1.33. అంటే చెవితో పోల్చితే ముక్కు మూడవవంతు పెరిగింది. ఇప్పుడు మీరు మీటరున్నర వెనుకకు పోండి. ముక్కు 150, చెవి 160. తేడా నూటికి ఏడు మాత్రమే. మనం మనుషులతో మామూలుగా మాట్లాడేది ఇంచుమించు ఈ దూరంలోనే. అందుకే ఆ దూరంనుండి తీసిన ముఖం మనం ఎరిగిన ముఖంలాగా ఉంటుంది.

కాని మీటరున్నర దూరంనుండి 26 మిల్లీమీటర్ల చూపులో రెండు మీటర్ల మేర పడుతుంది. ముఖం చిన్నదైపోయి వెనుక బీరువా, కేలండరు, ఆరేసిన బట్టలు అన్నీ వస్తవి. 50 మిల్లీమీటర్ల చూపయితే మీటరు మేరే పడుతుంది. ఫోనులో రెండింతలు అన్న మీట నొక్కితే ఇంచుమించు ఈ చూపే వస్తుంది. ఆ మీట లేకపోతే మామూలుగా తీసి, తరువాత చుట్టూ కత్తిరించండి. బొమ్మలో వివరం కొంత తగ్గుతుంది గాని ముక్కు, చెవుల పొందిక ఏమీ మారదు. ఎందుకంటే పొందికను నిర్ణయించేది మీరు నిలుచున్న చోటు. ఎంత మేర పట్టాలో నిర్ణయించేదే నాభ్యంతరం. ఈ రెండు మాటలూ కలిపి గుర్తుంచుకుంటే చాలు: ముందు కాళ్లు, తరువాత కటకం.

ఈ లెక్క ఆటకోసం మాత్రమే కాదు. ఎన్నో ఇళ్లలో ముసలివారు పోయిన తరువాత గోడకు పెట్టటానికి ఒక మంచి ఫోటో కోసం వెతుకుతారు. ఏ కార్డుమీది మసక బొమ్మనో, పెళ్లి గుంపులోని గోరంత ముఖాన్నో పెద్దది చేయిస్తారు. ఫోనులో వేల ఫోటోలుంటవి. వాటిలో అవ్వ అవ్వలాగా ఉన్నది ఒకటీ ఉండదు. తరువాత పుట్టే పిల్లలకు ఆ గోడమీది ముఖమే అవ్వ. అది వంకరగా ఉంటే వారికి తెలిసే అవ్వ కూడా వంకరే.

తల్లిదండ్రులకు రెండు మాటలు

మీ పిల్లవాడు చెట్టునంతా వదలి ఒక్క కొమ్మనే చూచాడనుకోండి, లేదా అమ్మాయి ఇంటినంతా పట్టి మనుషులను చిన్నవారిని చేసిందనుకోండి. "ఇట్లా కాదు" అని వెంటనే దిద్దవద్దు. వాక్యమేమిటో అడగండి. వాక్యానికీ కిటికీకీ పొత్తు కుదిరితే అది సరియైన లెక్కే. పది రోజులు నిండకముందే కొత్త కటకాలు కొనిపెట్టవద్దు. కొనేటప్పుడు మాత్రం సెన్సారు వెడల్పు కనుక్కోండి. సెన్సారు 24 మిల్లీమీటర్ల వెడల్పుదయితే ఫిల్ముమీది 50 చూపుకు సుమారు 33 గాని 35 గాని చాలును.

రెండవ మాట ఇంకా ముఖ్యమైనది. ఒక కన్ను మూసి చూచేటప్పుడు "దూరపు కొండ ఈ కంటికి మసకగా ఉన్నది" అని పిల్లలంటే అది సహజమైన చూపు కాదు. బడిలో వెనుక బల్లనుండి నల్లబల్లమీది అక్షరాలు కనిపించకపోయినా అంతే. చాలామంది పిల్లలు ఆ సంగతి బయటికి చెప్పరు. లోకం అందరికీ అట్లాగే ఉంటుందనుకుంటారు. వెంటనే కంటి వైద్యునికి చూపించండి. కళ్లజోడు పెట్టిన తరువాత ప్రయోగం మొదటినుండి చేయించండి.

ఈ నెల ఇంటిపని

ఒకటి: పది వాక్యాలు, పది అంకెలు, మధ్యగతం నోటుపుస్తకంలో వ్రాసుకోండి. ఇంట్లో ఇంకొకరిచేత కూడా చేయించి, మీ అంకెతో పోల్చండి. ఎందుకు వేరుగా వచ్చిందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

రెండు: వచ్చిన అంకెకు దగ్గరగా ఫోనునో కెమెరానో పెట్టి, నెలరోజులు ఆ ఒక్క చూపుతోనే ఫోటోలు తీయండి. చాలకపోతే మీరే ముందుకూ వెనుకకూ నడవండి. కాని చెరువు కట్టమీద, బావుల దగ్గర, రోడ్డుమీద వెనుకకు నడుస్తూ తీయవద్దు. దిగువమెట్టవైపు పోయే రైలుపట్టాల దగ్గరకు ఫోటోలకోసం అసలే పోవద్దు.

మూడు: మీ ఇంట్లో అందరికన్న పెద్దవారిని అడిగి, వారు ఒప్పుకుంటే, కిటికీవెలుతురులో కూర్చోబెట్టి, మీటరున్నర దూరంనుండి ఒక ఫోటో తీయండి. వారిని మాట్లాడనివ్వండి, నవ్వమని అడగవద్దు. తీసినది వారికి చూపించి, నచ్చితే కాగితంమీద అచ్చు వేయించి, వెనుక పేరూ ఊరూ తేదీ వ్రాసి పెట్టండి.

కిటికీలోనుంచి చూచేటప్పుడు ఒక కన్ను మూయమన్నాను. మూయకుండా చూస్తే ఏమవుతుందో ఎవరైనా గమనించారా? ఒక్క కిటికీ రెండు కిటికీలవుతుంది! అది ఎందుకో, ఒక్క కంటితో సూదిలో దారం ఎక్కించటం ఎందుకు కష్టమో వచ్చే నెల చేసి చూద్దాం. అందాకా మీ అట్టను పారవేయవద్దు.